కాళహస్తి కలం, లియొనార్డో సిరా

లియొనార్డో డావించీ అనగానే మనకు మోనాలిసా గుర్తుకొస్తుంది. కానీ ఆయన చేతి నుంచి వచ్చిన తైలవర్ణ చిత్రాలు ఇరవైకి మించవు. కాగితం మీద గీసినవైతే వేల పుటలు మిగిలాయి. ఒక్క విండ్సర్ కోటలోనే 500 పైచిలుకు ఉన్నాయి. గుర్రాల కాళ్లు, నీటి సుడులు, తల్లి గర్భంలో ముడుచుకున్న శిశువు... ఆయన ఎలా ఆలోచించాడో తెలిసేది వాటిని చూస్తేనే. వాటిలో కలంతో గీసినవాటికి ఎక్కువగా వాడిన సిరా మాచికాయలతో, అన్నభేదితో కాచింది. కాయలోని వగరు ఇనుముతో కలిస్తే నలుపు పుడుతుంది.

తిరుపతికి 36 కిలోమీటర్ల దూరంలోని శ్రీకాళహస్తిలో కలంకారీ నలుపు కూడా ఇదే సూత్రంతో పుడుతుంది. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న ప్రశ్నే లేదు. ఎవరి చెట్లు, ఎవరి ఇనుము వాళ్లవి. అక్కడ మాచికాయ, ఇక్కడ కరక్కాయ. అక్కడ సిరా బుడ్డిలోనే నలుపెక్కుతుంది. మనవాళ్లు మాత్రం రెండింటినీ విడివిడిగా ఉంచి, గుడ్డ మీద కలుపుతారు.

ఆ పని దగ్గరుండి చూడాల్సిందే. నూలు గుడ్డను ముందుగా కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఆరేస్తారు. వగరు నూలుకు పడుతుంది, పాలలోని వెన్న రంగును పక్కలకు పాకనివ్వదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెడితే కసిం తయారవుతుంది. చింతపుల్లల్ని కాల్చి చేసిన బొగ్గుతో బొమ్మ ఆనవాలు గీసుకుంటారు. చివర చెక్కిన వెదురుపుల్లకు ఉన్ని చుట్టి, దారంతో బిగిస్తే అదే కలం. కసింలో ముంచి, వేళ్లతో ఉన్నిని ఒత్తుతూ గీస్తారు. పలచటి ఆ నీళ్లు గుడ్డకు తాకీతాకగానే గీత నల్లబడుతుంది. బొగ్గు గీతను దులపొచ్చు. కసిం గీతను ఎవరూ చెరపలేరు. రాముడి ముక్కు తప్పితే తప్పినట్టే.

లియొనార్డో ఒకే కాగితం మీద తల్లీబిడ్డల భంగిమల్ని ఒకదానిపై ఒకటి గీసి, నచ్చినదాన్ని ఎంచుకునేవాడు. కాళహస్తి చేతివాటం వేరు. ఇక్కడ ఆ వెతుకులాటంతా ఏళ్ల సాధనలోనే ముగిసిపోవాలి.

ఈ రెండు లోకాలూ ఒకే కాలానివి. శ్రీకృష్ణదేవరాయలు కాళహస్తిలో పెద్ద గాలిగోపురం కట్టించింది 1516లో. లియొనార్డో ఫ్రాన్స్ రాజు పిలుపుపై ఇటలీ వదిలి వెళ్లిందీ ఆ రోజుల్లోనే. 1519లో ఆయన పోయాడు, కాగితాలను శిష్యుడు మెల్జీ దాచాడు. మన గోపురం 2010 మే 26న కూలిపోయింది. గుడుల్లో తెరలుగా వేలాడిన బొమ్మల గుడ్డలు వాడుకలోనే చిరిగిపోయాయి. పైగా ఈ ఇనుప నలుపుకు ఒక చెడ్డ గుణముంది. కాలం గడిచేకొద్దీ కాగితాన్నయినా నూలునయినా తినేస్తుంది.

ఇరవయ్యో శతాబ్దం నడిమికి ఈ విద్య కొనప్రాణంతో ఉంది. కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో కాళహస్తిలో శిక్షణ కేంద్రం వెలిసింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య వంటి పెద్దలు అక్కడ పాఠం చెప్పారు. ఆయన కుమారుడు గురప్పశెట్టి ఆ విద్యను ఇంకో తరానికి అందించారు. 2008లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

నా బాధ ఒక్కటే. లియొనార్డో గీసిన చిన్న కాగితాన్ని కూడా గాజు పెట్టెలో పెట్టి చూపిస్తున్నారు. కాళహస్తి గీతను మనం చీర అంచుగా, దుపట్టాగా మాత్రమే చూస్తున్నాం. పటిక, మంజిష్ఠ, నీలిమందు వచ్చి చేరాక ఆ గీత రంగుల కింద అణిగిపోతుంది. కలంకారీకి ప్రాణం రంగు కాదు, గీత. కన్ను తిరిగే వంపు, ధనుస్సు లాగిన భుజం, బొమ్మ కింద రాసిన తెలుగు అక్షరాలు, అన్నీ ఒకే కలం పని.

కాళహస్తికి రాహుకేతు పూజకు వెళ్లేవారికి ఒక మనవి. దర్శనమయ్యాక కలంకారీ పనివారి ఇంటికీ వెళ్లండి. రంగులు పడకముందు, నల్లగీత మాత్రమే ఉన్న గుడ్డను చూపించమని అడగండి. కొనేటప్పుడు అచ్చు వేసిందా, కలంతో గీసిందా అని అడిగి తెలుసుకోండి. కలంతో గీసిందైతే బేరమాడకండి.