తోడు పెరుగూ, పాత కంప్యూటరూ



పక్కింటావిడ తోడుకు చెంచాడు పెరుగు అడిగితే ఇస్తాం. దానికి ఖరీదు కట్టం. ఇచ్చినందువల్ల మన ఇంట్లో పెరుగుకు లోటు రాదు. కంప్యూటర్ల లోకంలోనూ ఇలాంటి మర్యాద ఒకటుంది. దాని చరిత్ర ఈవేళ కొంచెం చెప్పుకుందాం.

ఎంత ఖరీదైన కంప్యూటరైనా, దానిచేత పని చేయించే ఆపరేటింగ్ సిస్టమ్ లేకపోతే వట్టి పెట్టె. 1980 ప్రాంతాల్లో కంపెనీలు వాటిని అమ్ముతూ, లోపలి రాతను మాత్రం దాచడం మొదలుపెట్టాయి. కూర అమ్మి, వండే విధానం చెప్పనట్టన్నమాట! అమెరికాలో ఎం.ఐ.టి.లో పనిచేస్తున్న రిచర్డ్ స్టాల్‌మన్‌కు ఇది నచ్చలేదు. అందరూ చదివి, మార్చుకుని, పంచుకోగల సిస్టమ్ తయారుచేస్తానని 1983లో ప్రకటించాడు. దాని పేరు గ్నూ. ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకటే మాట కావడంతో, తాను కోరేది స్వేచ్ఛ అని ఆయన పదేపదే చెప్పవలసివచ్చింది. మనకా చిక్కు లేదు, రెండు మాటలున్నాయి.

గ్నూకు అన్నీ అమరుతున్నా, గుండెకాయ లాంటి కెర్నెల్ కుదరలేదు. 1991లో ఫిన్లండులో, హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన 386 కంప్యూటరు మీద సరదాకి ఒకటి రాశాడు. 1992లో దాన్ని గ్నూ లైసెన్సు కిందికి తెచ్చాడు. అదే లైనక్స్.

1993లో స్లాక్‌వేర్ వచ్చినప్పుడు ఇరవై పైచిలుకు ఫ్లాపీలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టాలి. ఒక్కటి చెడిందా, పని ఆగిపోయేది. అదే ఏడు ఇయాన్ మర్డాక్ తన స్నేహితురాలు డెబ్రా పేరును తన పేరుతో కలిపి డెబియన్ మొదలుపెట్టాడు. 2004లో వచ్చిన ఉబుంటువారైతే, 2011 దాకా అడిగినవారికి సీడీలు పోస్టులో ఉచితంగా పంపారు. ఇప్పుడు ఒక్క పెన్‌డ్రైవు చాలు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగింది. కొత్తది ఎక్కని కంప్యూటర్లు ఎన్నో మూలపడ్డాయి. మా ఇంట్లో అలాంటి లాప్‌టాప్‌ను పాత సామాన్లవాడికి వేయబోతుంటే మా చెల్లెలి కూతురు, “ఆగు పెద్దమ్మా!” అని డెబియన్ ఎక్కించింది. ఇప్పుడు దానిమీద మా మనవరాలు చదువుకుంటోంది. కానీ డిస్కు తుడిచేముందు, అందులో ఏముందో నేను చూసుకోలేదు. మా నాన్నగారి షష్టిపూర్తి ఫోటోలు పోయాయి. మరో ప్రతి లేదు. తప్పు నాదే.

అందుకని అమ్మా, ముందు ఫోటోలూ కాగితాలూ వేరేచోట దాచుకోండి. తర్వాత, ఎక్కించకుండానే పెన్‌డ్రైవు నుంచే నడిపి చూసే వీలుంది, చూడండి. తెర, శబ్దం, వైఫై సరిగా ఉన్నాయనుకున్నాకనే ఎక్కించండి. మరీ పాత 32 బిట్ల యంత్రమైతే ముందే విచారించండి. 2025లో వచ్చిన డెబియన్ 13లో వాటికి ఎక్కించే సాధనం లేదు.

మీకు కుదిరితే ఆ పెన్‌డ్రైవు పక్కింటికీ ఇవ్వండి. తోడు పెరుగులాగే, అడిగి తీసుకోవడంలో నామోషీ లేదు.

సెలవు.