ఆటగాడితో పాటే ఎదిగే శత్రువు: ఓపెన్ వరల్డ్ గేమ్‌లలో లెవెల్ స్కేలింగ్

కోల్‌కతా: ఓపెన్ వరల్డ్ రోల్ ప్లేయింగ్ వీడియో గేమ్‌లలో ఆటగాడి పాత్ర అనుభవం గడించిన కొద్దీ దాని స్థాయి పెరుగుతుంది. ఇక్కడ స్థాయి అంటే హోదా కాదు, సామర్థ్యాన్ని సూచించే అంకె. ఆ అంకెకు అనుగుణంగా శత్రువుల బలాన్ని కూడా గేమే పెంచే విధానాన్ని లెవెల్ స్కేలింగ్ అంటారు.

వరుసగా సాగే కథలో తొలి ఘట్టానికి బలహీనుణ్ణి, చివరి ఘట్టానికి బలవంతుణ్ణి నిలపవచ్చు. నలుదిక్కులా దారులు తెరిచి ఉన్నప్పుడు ఆటగాడు ఎటు ముందు వెళతాడో రూపకర్తకు తెలియదు. ఆ చిక్కుకు పరిష్కారంగానే ఈ విధానం వాడుకలోకి వచ్చింది.

దీని లోపాలకు నేటికీ మొదట చెప్పుకొనే ఉదాహరణ 2006 మార్చిలో బెథెస్డా గేమ్ స్టూడియోస్ విడుదల చేసిన 'ది ఎల్డర్ స్క్రోల్స్ 4: ఆబ్లివియన్'. ఆరంభంలో నాసిరకం కవచంతో ఎదురయ్యే దారిదోపిడీ దొంగ, ఆటగాడి స్థాయి పెరిగాక అత్యంత విలువైన గాజు కవచం ధరించి, అదే దారిలో కాసింత బంగారం కోసం అడ్డుపడతాడు. ఆ కవచం అమ్ముకుంటే వాడికి దోపిడీ అవసరమేమిటన్నది సహజమైన ప్రశ్న.

అసలు ఇబ్బంది అంతకన్నా లోతైనది. ఆటగాడు ఎంచుకున్న ఏడు ప్రధాన నైపుణ్యాలలో మొత్తం పది మెట్లు పెరిగి, ఆ తరువాత పాత్ర నిద్రిస్తేనే స్థాయి పెరుగుతుంది. బేరసారాలు, వాక్చాతుర్యం వంటి నైపుణ్యాలతో పైకి వచ్చిన పాత్ర కత్తి పదునెక్కదు. ఎదుటి రాక్షసుడు మాత్రం బలపడతాడు. అందుకే కొందరు తాము వాడని నైపుణ్యాలనే ప్రధానమైనవిగా ఎంచుకున్నారు, కొందరు పాత్రను నిద్రపోనివ్వలేదు. ఎదగడం కోసం ఆడే ఆటలో ఎదగకపోవడమే లాభసాటి వ్యూహమైంది.

2011 నాటి 'స్కైరిమ్'లో ప్రాంతాలవారీగా కనిష్ఠ, గరిష్ఠ పరిమితులు విధించారు. 2015 నాటి 'ది విచర్ 3'లో శత్రువుల స్థాయి ప్రధానంగా స్థిరం. స్కేలింగ్‌ను తరువాత ఐచ్ఛికంగా చేర్చారు. 2022 నాటి 'ఎల్డెన్ రింగ్' ఆరంభ ప్రాంతంలోనే గుర్రంపై తిరిగే ట్రీ సెంటినెల్ అనే యోధుణ్ణి ఉంచింది. కొత్తవారు ఓడిపోయి, బలం పెంచుకుని తిరిగివస్తారు. ఎంత ఎదిగారో వారికి చెప్పేది మారకుండా నిలిచి ఉన్న ఆ యోధుడే. ఈ పద్ధతే మేలనిపిస్తుంది.

అన్ని రోల్ ప్లేయింగ్ గేమ్‌లకూ ఈ చర్చ వర్తించదు. బాలికల అక్రమ రవాణాపై కోల్‌కతా కళాకారిణి లీనా కేజ్రీవాల్ చేపట్టిన 'మిస్సింగ్: గేమ్ ఫర్ ఎ కాజ్' (2016)లో ఆటగాడు తప్పిపోయిన బాలిక పాత్ర ధరిస్తాడు. అది ఓపెన్ వరల్డ్ కాదు. బాధితురాలికీ, బంధించినవారికీ నడుమ ఉన్న అసమానతే అక్కడి వస్తువు. దానిని సరిచేస్తే చెప్పదలచిన విషయమే మరుగవుతుంది.

2025 ఏప్రిల్‌లో వచ్చిన 'ఆబ్లివియన్ రీమాస్టర్డ్'లో ఇతర నైపుణ్యాలను కూడా స్థాయి లెక్కలోకి తీసుకున్నారు. ప్రతి స్థాయికీ లభించే 12 పాయింట్లను ఆటగాడే తన గుణాలకు పంచుకోవచ్చు. శత్రువులు ఆటగాణ్ణి అనుసరించే పద్ధతిని మాత్రం కొనసాగించారు.