ఆ ఏడు ఎవరిది?

కోరుకొండలో మా ఇంటి గోడకు రెండు క్యాలెండర్లుండేవి. ఉర్దూది రంజాన్ నెలవంక కోసం. తెలుగుది ఫాల్గుణంలో తీర్థం ఎప్పుడో చూసుకోవడానికి. నరసింహస్వామి కొండ మాకూ ఊరి కొండే. అయినా బడిలో అడిగేవాళ్లు: "మీ సంవత్సరం వేరు కదా?" ఆ మాటలో వేరైంది సంవత్సరం ఒక్కటే కాదు, మేమూ.

సరే, ఒక్క ఏడాదిని తీసుకుందాం. 1022. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడికి పట్టాభిషేకం జరిగిన ఏడు. కోరుమిల్లి రాగి శాసనం ఆ అంకెను మాటల్లో దాచింది. వేదాలు నాలుగు, సముద్రాలు నాలుగు, నిధులు తొమ్మిది. వెనక నుంచి చదివితే శకం 944. మా పెద్దలూ అక్షరాలకు విలువ కట్టి తారీఖును మాటల్లో పెట్టేవారు. దాన్ని అబ్జద్ అంటాం.

శాసనం చెప్పిన రోజు సూర్యుడు సింహరాశిలో ఉన్నాడు. బహుళ విదియ, గురువారం. క్రీస్తు లెక్కలో ఆగస్టు 16. కలియుగంలో గడిచిన ఏళ్లు 4123. అరవై పేర్లలో దుందుభి. హిజ్రీలో 413, జమాదిల్ అవ్వల్ నెల నడుమ, జుమేరాత్. రెండు లెక్కలకూ సాక్షి పున్నమి దాటిన ఆ చంద్రుడే. పంచాంగం అమావాస్య నుంచి లెక్కపెడుతుంది, మేం నెలవంక కంటపడ్డాక మొదలుపెడతాం. తేడా ఒకటి రెండు రోజులే. అధికమాసం కలపం కాబట్టి మా పండగలు ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకొస్తాయి. అంతే.

ఆ కాలం పాఠంలో మేం కనిపించేది గజనీ మహమ్మదు గుర్రాల వెనకే. ఆ గజనీలోనే అల్ బిరూనీ ఉన్నాడు. సంస్కృతం నేర్చాడు. హిందూదేశం గురించి అరబ్బీలో రాసిన గ్రంథంలో పారశీకుల యజ్దగిర్ద్ శకం 400ను కొలబద్దగా పెట్టుకుని, అది ఇక్కడి శకం 953 అని లెక్క తేల్చాడు. అంటే 1031. మన రాజు పట్టాభిషేకమై తొమ్మిదేళ్లు. కత్తి పట్టినవాడికి పాఠమంతా ఇచ్చారు, లెక్కలు కలిపినవాడికి ఒక్క వాక్యం దక్కింది.

ఇక మా ఊరి పొలాల సంగతి. అడంగల్‌లో ఏడాదిని ఫసలీలో రాస్తారు. అక్బరు కాలంలో హిజ్రీ అంకెనే తీసుకుని, పంటలకు తగ్గట్టు సూర్యుడి లెక్కకు మార్చిన సంవత్సరం అది. దేవుడి మాన్యానికైనా మసీదు భూమికైనా అదే.

మా సంవత్సరం వేరన్నవాళ్ల ఇళ్లలోనూ ఆ కాగితం ఉంటుంది. ఒక్కసారి తీసి చూడమనండి.