క్లోరిన్ ప్రమాదం, హెచ్చరిక హక్కు: ఉత్తర కోస్తా నేపథ్యంలో ఒక చరిత్ర

తుపాను వెలిసిన మర్నాడు ఊరి బావిలో తెల్లటి పొడి చల్లడం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యార్థులకు కొత్తగా చెప్పవలసిన విషయం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ తీరాన్ని తాకాయి. అలాంటి తుపానుల తర్వాత నీళ్లకు పట్టుకునే బ్లీచింగ్ పౌడర్ వాసన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ముక్కుకు తగిలే ఆ ఘాటు క్లోరిన్‌ది. కలరా, విరేచనాల నుంచి మనల్ని కాపాడే పదార్థం అదే. ఊపిరితిత్తులను లోపలి నుంచి కాల్చివేసే పదార్థం కూడా అదే.

ఈ రెండింటికీ మధ్య తేడా మోతాదులో ఉంది. తాగే నీటిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటే చాలునని మన దేశ ప్రమాణం చెబుతుంది. పెద్ద నీటి శుద్ధి కేంద్రాల్లోనూ, రసాయన కర్మాగారాల్లోనూ వాడే పెద్ద సిలిండరులో సుమారు 900 కిలోల ద్రవ క్లోరిన్ ఉంటుంది. పనివాళ్లు దాన్ని 'టన్నర్' అంటారు. ఆ టన్నర్ పక్క నుంచి రోజూ నడిచే మనిషికి అందులో ఏముందో, అది బయటికి వస్తే ఎటు పరుగెత్తాలో ఎవరు చెప్పాలి? ఏ భాషలో చెప్పాలి? ఈ పాఠంలో మనం పరిశీలించేది ఈ ప్రశ్నకు ఉన్న చరిత్రను.

పదార్థ స్వభావం

స్వీడన్ శాస్త్రవేత్త షీలే 1774లో ఈ వాయువును తయారుచేశాడు. అది మూలకమని 1810లో హంఫ్రీ డేవీ తేల్చి, రంగును బట్టి పేరు పెట్టాడు. ఆకుపచ్చ, పసుపు కలిసిన రంగు అది. గాలికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి పొగలా పైకి లేవదు. నేలను అంటిపెట్టుకుని పారుతుంది. గోతులు, కాలువలు, నేలమాళిగలు వెతుక్కుని నిలుస్తుంది. ద్రవ రూపంలో కారితే సుమారు 450 రెట్ల పరిమాణం గల వాయువుగా మారుతుంది.

పొడిగా ఉన్నంతసేపు అది ఉక్కు సిలిండరులో బుద్ధిగా ఉంటుంది. తేమ తగిలిందంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుట్టి లోహాన్నే తినేస్తుంది. కంటిలోని తడి, గొంతులోని తడి, ఊపిరితిత్తుల్లోని తడి కూడా తేమేనని మరిచిపోకండి. పనిచేసే చోట పది లక్షల భాగాల గాలిలో ఒక భాగానికి మించి క్లోరిన్ ఉండకూడదు. పది భాగాలుంటే ప్రాణానికి తక్షణ ముప్పుగా లెక్కిస్తారు. ఇంకొక మోసం కూడా ఉంది. వాయువు పీల్చిన మనిషి కాసేపు దగ్గి, తేరుకుని ఇంటికి వెళ్లిపోవచ్చు. కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి పరిస్థితి విషమించవచ్చు.

గాలివాటం నేర్పిన మొదటి పాఠం

ఈ గుణాలన్నింటినీ లెక్కగట్టి మనుషుల మీద ప్రయోగించిన రోజు 1915 ఏప్రిల్ 22. బెల్జియంలోని ఈప్రె దగ్గర జర్మన్ సైన్యం వేల సిలిండర్ల మూతలు తిప్పింది. అంతకుముందు అది రోజుల తరబడి చేసిన పని ఒక్కటే, గాలి తమ వైపు నుంచి శత్రువు వైపు మళ్లే దాకా ఎదురుచూడటం. నాలుగు రోజుల తర్వాత అదే యుద్ధరంగంలో ఎదురుదాడికి దిగిన లాహోర్ డివిజన్‌లోని భారతీయ సైనికులు కూడా ఈ వాయువుకు గురయ్యారు. ముసుగులు లేవు. తడిగుడ్డే దిక్కయింది.

చరిత్ర విద్యార్థులుగా మీరు ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. దాడి చేసినవాడికి గాలి ఎటు వీస్తుందో తెలుసు, కందకంలో ఉన్నవాడికి తన మీదికి వస్తున్నది ఏమిటో తెలియదు. తర్వాతి కాలపు పారిశ్రామిక ప్రమాదాల్లో శత్రువు లేడు, యుద్ధమూ లేదు. గోడకు లోపల ఉన్నవారికి తెలిసిన సంగతి బయటివారికి తెలియని ఈ అసమానత మాత్రం అలాగే కొనసాగింది.

భోపాల్ నుంచి ఢిల్లీ దాకా

1984 డిసెంబరు 2-3 తేదీల మధ్యరాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసైనేట్ వెలువడింది. ఊరివారి కోసం ఉద్దేశించిన సైరన్ కొద్దిసేపు మోగి ఆగిపోయింది. నిద్రలేచిన వేలాదిమంది వీధుల్లోకి వచ్చి, పరుగెత్తి, పరుగులో మరింత విషం పీల్చారు. ఆసుపత్రుల్లోని వైద్యులకు తాము చికిత్స చేస్తున్నది ఏ వాయువు బాధితులకో వెంటనే తెలియలేదు.

ఏడాది తర్వాత, 1985 డిసెంబరు 4న, ఢిల్లీలోని శ్రీరామ్ కర్మాగారం నుంచి ఓలియం వాయువు లీకైంది. ఓలియం అంటే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లానికి అన్న వంటిది. ఆ కర్మాగారంలోనే కాస్టిక్ సోడా, క్లోరిన్ తయారయ్యేవి. దాని మీద ఎం.సి. మెహతా వేసిన పిటిషన్ అప్పటికే సుప్రీంకోర్టులో ఉంది. 1986 డిసెంబరు 20న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు 'సంపూర్ణ బాధ్యత' సూత్రానికి పునాది. ప్రమాదకర పరిశ్రమ నడిపేవారు, తమ తప్పు లేదని చెప్పి తప్పించుకోవడానికి వీల్లేకుండా, జరిగిన హానికి పరిహారం చెల్లించాలన్నది దాని సారం. 1868 నాటి ఇంగ్లండు తీర్పులోని మినహాయింపులు ఇక్కడ చెల్లవని కోర్టు స్పష్టం చేసింది.

పరీక్షల్లో అడిగేది సాధారణంగా ఈ డిసెంబరు తీర్పునే. అదే సంవత్సరం ఫిబ్రవరి 17న వచ్చిన ఉత్తర్వు నా దృష్టిలో అంతకన్నా శ్రద్ధగా చదవదగినది. క్లోరిన్ విభాగాన్ని తిరిగి తెరవడానికి అనుమతిస్తూ కోర్టు అందులో షరతులు పెట్టింది. క్లోరిన్ మానవ శరీరం మీద ఏం చేస్తుందో, లీకైతే వెంటనే ఏ చికిత్స చేయాలో వివరించే పట్టికను ప్రతి విభాగంలోనూ, కర్మాగారం గేటు దగ్గరా పెట్టాలని ఆదేశించింది. అది ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉండాలని చెప్పింది. కార్మికులకు శిక్షణ ఇవ్వాలని, కార్మిక ప్రతినిధులతో భద్రతా సంఘం వేయాలని, చుట్టుపక్కలవారిని హెచ్చరించే లౌడ్‌స్పీకర్లు అమర్చాలని కూడా చెప్పింది. అత్యున్నత న్యాయస్థానం ఒక గేటు బోర్డు గురించి, దాని భాష గురించి ఇంత వివరంగా రాయవలసి వచ్చిందంటే, అప్పటిదాకా ఆ బోర్డు లేదనే కదా.

తర్వాత చట్టాలు వరుసగా వచ్చాయి. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం చేశారు. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదాల సమాచారాన్ని కార్మికులకే కాక పరిసర ప్రజలకూ తెలియజేయాలన్న నిబంధన చేర్చారు. ముప్పు ముంచుకొస్తోందని కార్మికుడు హెచ్చరించే హక్కును గుర్తించారు. ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వలపై 1989 నాటి నియమాల ప్రకారం కర్మాగారం తన ఆవరణ లోపలి ప్రణాళికను, జిల్లా యంత్రాంగం ఆవరణ వెలుపలి ప్రణాళికను సిద్ధం చేసుకోవాలి. లోపలి ప్రణాళిక మీద ఆరు నెలలకొకసారి, వెలుపలి దాని మీద ఏడాదికొకసారి మాక్ డ్రిల్ జరపాలి. 1991 నాటి ప్రజా బాధ్యత బీమా చట్టం, 1996 నాటి రసాయన ప్రమాదాల నియమాలు వీటికి తోడయ్యాయి. కాగితం మీద చూస్తే లోటు కనపడదు.

మన తీరంలో

శ్రీకాకుళం 1950 ఆగస్టు 15న, విజయనగరం 1979 జూన్ 1న ప్రత్యేక జిల్లాలయ్యాయి. ఈ ప్రాంతపు పాత పరిశ్రమలంటే నెల్లిమర్ల జనపనార మిల్లు, గరివిడి ఫెర్రో అల్లాయ్స్, చక్కెర కర్మాగారాలు గుర్తుకొస్తాయి. రసాయన పరిశ్రమ వచ్చి చేరింది ఆ తర్వాతే. చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి పక్కన రణస్థలం మండలంలోని పైడిభీమవరం క్రమంగా ఔషధ కర్మాగారాల కేంద్రమైంది. వలసపోవడం తప్ప దారి లేదనుకున్న కుటుంబాలకు సొంత ఊరి దగ్గర ఉద్యోగం దొరకడం చిన్న విషయం కాదు. ఆ సంగతి పక్కనబెట్టి భద్రత గురించి మాట్లాడితే అది సగం చరిత్రే అవుతుంది.

రణస్థలానికి ఉత్తరాన ఎచ్చెర్ల మండలంలో, చిలకపాలెం దగ్గర, అరిణాం అక్కివలస అనే ఊరుంది. 2011 జూన్ 30న అక్కడి నాగార్జున అగ్రికెం పురుగుమందుల కర్మాగారంలో పేలుడు జరిగి మంటలు చెలరేగాయి. కార్మికులు గాయపడ్డారు. చుట్టుపక్కల ఊళ్లవారు భయంతో ఇళ్లు విడిచిపోయారు. కాలుష్య నియంత్రణ మండలి ఆదేశాలతో ఉత్పత్తి కొంతకాలం ఆగింది. అది క్లోరిన్ ప్రమాదం కాదు. అయినా గోడ అవతల ఏది మండుతోందో తెలియనప్పుడు ఊరు ఏం చేస్తుందో మన జిల్లా స్వయంగా చూసిన సందర్భం అది.

తొమ్మిదేళ్ల తర్వాత పొరుగున ఉన్న విశాఖపట్నంలో అంతకన్నా ఘోరం జరిగింది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి బతుకుతెరువు కోసం వెళ్లినవారు పెద్దసంఖ్యలో ఉండే నగరం అది. వెంకటాపురం దగ్గరి ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలై, 1997లో కొరియా కంపెనీ చేతికి వచ్చింది. లాక్‌డౌన్ రోజుల్లో నిల్వ ట్యాంకులోని స్టైరీన్ వేడెక్కి, 2020 మే 7 తెల్లవారుజామున ఆవిరిగా ఊరి మీదికి వచ్చింది. 12 మంది మరణించారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. కర్మాగారంలో హెచ్చరిక సైరన్ ఉంది, కానీ దాన్ని మోగించలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది.

భోపాల్ సైరన్ మోగి ఆగిపోయింది. ముప్పై ఐదేళ్లు దాటాక వెంకటాపురంలో అది మోగనే లేదు. ఈ మధ్యకాలంలో వచ్చిన చట్టాలను ఇప్పుడే చదివారు. వాటిని ఈ రెండు వాక్యాల పక్కన పెట్టి చూడండి.

రెండు ప్రమాదాలూ చీకట్లోనే జరిగాయి. రాత్రి చల్లబడ్డ నేల మీద గాలి కదలిక తగ్గుతుంది, బరువైన ఆవిరి పైకి లేచి చెదిరిపోక నేలబారునే నిలుస్తుంది. జనం నిద్రలో ఉంటారు. మన తీరానికి మరొక ప్రత్యేకత ఉంది. పగలు గాలి సాధారణంగా సముద్రం నుంచి నేల మీదికి, రాత్రి నేల నుంచి సముద్రం మీదికి వీస్తుంది. అంటే తీరానికి దగ్గరగా ఉన్న కర్మాగారం నుంచి మధ్యాహ్నం లీకైన వాయువు హైవే వైపు ఊళ్లకు పోతే, అర్ధరాత్రి లీకైనది మత్స్యకారుల పల్లెల వైపు పోవచ్చు. 'ఇటు పరుగెత్తండి' అని ఒకే బాణం గుర్తు వేసిన పటం సగం రోజుకే పనికొస్తుంది. ఈ సంగతి వేటకు వెళ్లే మత్స్యకారుడికి ఏ ఇంజనీరూ చెప్పనక్కర్లేదు. ఆ పల్లెవాళ్లను ప్రణాళిక రాసే బల్ల దగ్గరికి పిలవకపోవడమే లోపం.

లీకైనప్పుడు

క్లోరిన్ లీకైందని తెలిస్తే ముందు గాలి ఎటు వీస్తోందో చూడాలి. కర్మాగారం మీది గాలి సంచీ, జెండా, చెట్టుకొమ్మ, పొయ్యి పొగ, ఏదైనా చాలు. వాయువు మేఘానికి అడ్డంగా పక్కకు జరిగి, తర్వాత గాలికి ఎదురుగా, మెరక ప్రాంతానికి చేరుకోవాలి. గాలి వీచే దిశలోనే పరుగెడితే మేఘం మీతో పాటే వస్తుంది. బయటికి వెళ్లే వీలు లేకపోతే తలుపులు, కిటికీలు మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కి, కూలర్ ఆపి, మేడ ఉంటే పైకి వెళ్లాలి. ముక్కుకు అడ్డం పెట్టుకున్న తడిగుడ్డ కొద్ది నిమిషాల ఊరటే, రక్షణ కవచం కాదు. 112కు, లేదా 101, 108కు ఫోన్ చేసి, తెలిస్తే రసాయనం పేరు చెప్పాలి. ఆ ఒక్క పేరు వైద్యుడికి ఎంత అవసరమో భోపాల్ చూపించింది.

లీకును ఆపడం శిక్షణ పొందినవారి పని. సొంత గాలి సిలిండరు ఉన్న ముసుగు లేకుండా దగ్గరికి పోకూడదు. వాళ్లు టన్నర్‌ను దొర్లించి, కారే చోటు పైకి వచ్చేలా తిప్పుతారు. అప్పుడు ద్రవం బదులు వాయువు మాత్రమే వస్తుంది, వచ్చే పరిమాణం బాగా తగ్గుతుంది. అమ్మోనియా తడిపిన గుడ్డ చూపిస్తే లీకు దగ్గర తెల్లటి పొగ లేస్తుంది, చోటు తెలుస్తుంది. వచ్చే వాయువును కాస్టిక్ సోడా ద్రావణంలోకో, సున్నపు నీటిలోకో మళ్లిస్తారు. కారుతున్న సిలిండరు మీద నీళ్లు కొట్టడం సాయం చేయాలన్న తొందరలో జరిగే పెద్ద తప్పు. తేమ తగిలి పుట్టిన ఆమ్లం రంధ్రాన్ని ఇంకా పెద్దది చేస్తుంది.

బాధితుణ్ణి స్వచ్ఛమైన గాలిలోకి తెచ్చి, బట్టలు తీసివేసి, కళ్లను, ఒంటిని కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడగాలి. క్లోరిన్‌కు విరుగుడు మందంటూ లేదు. ఆక్సిజన్, శ్వాస తేలికయ్యే చికిత్స, ఆపైన కనిపెట్టి ఉండటం అవసరం. 'ఇప్పుడు బాగానే ఉంది' అన్నవారిని కూడా ఆసుపత్రికి చేర్చాలి. ఇంట్లోనూ ఒక జాగ్రత్త ఉంది. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో కలిపితే పుట్టేది క్లోరినే.

అభ్యాసం

రసాయన భద్రతా పత్రంలో సాధారణంగా 16 విభాగాలుంటాయి. కర్మాగారాల్లో అది ఎక్కువగా ఇంగ్లీషులో దొరుకుతుంది. కాంట్రాక్టు కార్మికుల్లో తెలుగు మాత్రమే చదవగలిగినవారు, ఒడియా మాత్రమే వచ్చినవారు ఉంటారు. మీకు అందుబాటులో ఉన్న ఒక కర్మాగారం, శీతల గిడ్డంగి లేదా నీటి శుద్ధి కేంద్రం గేటు దగ్గరికి వెళ్లి, బయటి నుంచి కనిపించే హెచ్చరిక బోర్డును చదవండి. రసాయనం పేరు, ప్రథమ చికిత్స, ఫోన్ నంబరు ఏ భాషల్లో ఉన్నాయో రాసుకోండి. గత ఏడాదిలో మాక్ డ్రిల్ జరిగిందేమో దగ్గరి ఊళ్లో ముగ్గురిని అడగండి. 1986 ఫిబ్రవరి ఉత్తర్వులోని షరతులతో పోల్చి రెండు పుటల నివేదిక తయారుచేసి, సంపర్క తరగతికి తీసుకురండి.