కాన్వర్సేషన్ అంటే మొదట మాటలు కాదు

మన వారపు ప్రణాళికలో ‘కాన్వర్సేషన్ – 15 నిమిషాలు’ అని ఒక గడి ఉంటుంది. తెలుగు బడిలో ఇంగ్లీషు మాట ఎందుకండీ అని కొందరు తల్లిదండ్రులు అడిగారు. ‘సంభాషణ’ అని మార్చుకోవచ్చు, అభ్యంతరం ఏమీ లేదు. కాకపోతే మార్చేముందు ఆ ఇంగ్లీషు మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. మన పనికి అక్కరకొచ్చే సంగతి అందులో ఉంది.

దాని మూలం లాటిన్. ‘కాన్’ అంటే కలిసి, ‘వెర్సారీ’ అంటే మసలడం. రెండూ చేరితే నలుగురితో కలిసి మసలడం. 14వ శతాబ్దంలో ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు కూడా దానికి ఒకచోట బతకడం, నడవడిక అనే అర్థాలే ఉండేవి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ఈ మాట కనిపించిన చోట ఇప్పటి అర్థం పెట్టుకుంటే తికమకే. అక్కడ దానికి ప్రవర్తన అని అర్థం. మాట్లాడుకోవడం అనే అర్థం 16వ శతాబ్దంలో వచ్చి, పాతదాన్ని మెల్లగా పక్కకు నెట్టింది. ఇంగ్లండు కోర్టుల్లో మాత్రం పాత అర్థపు ఛాయ 1857 దాకా మిగిలింది. ‘క్రిమినల్ కాన్వర్సేషన్’ అంటే తన భార్యతో సంబంధం పెట్టుకున్నవాడి మీద భర్త వేసే దావా. ఇది పిల్లలకు చెప్పనక్కర్లేదు లెండి.

ఇంకో చిత్రం. ‘ప్రవర్తన’లోని ‘వర్త్’, ‘కాన్వర్సేషన్’లోని ‘వెర్స్’ అక్కచెల్లెళ్లు. సంస్కృతంలో ‘వృత్’ ధాతువు, లాటిన్లో ‘వెర్తెరే’, రెండూ తిరగడం అనే ఒకే పాత మూలం నుంచి పుట్టాయి. మన ‘వార్త’ కూడా ఆ ఇంటి పిల్లే.

‘సంభాషణ’ అంటే కలిసి పలకడం. అందులో నోరు ఉంది గానీ మసలడం లేదు. అందుకేనేమో ఇళ్లల్లో ఎవరూ ‘రా, సంభాషించుకుందాం’ అనరు. కబుర్లు చెప్పుకుంటారు. ఆ ‘కబురు’ అరబ్బీ ‘ఖబర్’, అంటే వార్త. తెలంగాణలో ముచ్చట పెడతారు. కోస్తావాళ్లకు ముచ్చటంటే ఇష్టం, సరదా. మీ క్లాసులో రెండు వైపుల పిల్లలూ ఉంటే ఈ ఒక్క మాట మీదే గంట గడిచిపోతుంది.

పోయిన ఏడాది నా క్లాసులో ఒక తొమ్మిదేళ్ల పాప ‘నీ పేరేమిటి, మీ ఊరేది’ లాంటి ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పేది. ఇంటికి అమ్మమ్మ ఫోను చేస్తే మాత్రం ‘బాగున్నాను అమ్మమ్మా’ అనేసి ఫోను వాళ్లమ్మ చేతికిచ్చేది. మాటలు రాక కాదు. ఇద్దరూ కలిసి చేసిన పని ఒక్కటీ లేకపోతే దేని గురించని మాట్లాడుతుంది? ప్రశ్నలూ జవాబులూ వల్లె వేయించడమే కాన్వర్సేషన్ అని నేనూ అప్పటిదాకా అనుకున్నాను. ఒక ఆదివారం వాళ్లమ్మ వీడియో కాల్ పెట్టి, అమ్మమ్మ చెబుతుంటే పాప చేత పులిహోర కలిపించింది. చింతపండు ఎంత? నిమ్మకాయంత. నానబెట్టావా? అయ్యో, ఆవాలు మాడుతున్నాయే, మంట తగ్గించు! ఆ రోజు ఫోను అమ్మ చేతికి వెళ్లలేదట.

కాబట్టి గడి పేరు ఏదైనా ఉంచండి. ఆ 15 నిమిషాల్లో పిల్లల చేతికి ఒక పని ఇవ్వండి: దండ గుచ్చడమో, చిక్కుడుకాయలకు ఈనెలు తీయడమో. మొదటి వారం చిక్కుడుకాయలు నేను తెస్తాను.