ఆ పదివేలు ఎవరు పెట్టారు?

పోయిన ఏడాది కార్తీకమాసం అయ్యాక రక్తపరీక్ష చేయిస్తే షుగరు సరిగ్గా గీత మీద ఉందన్నారు. "మందులు ఇప్పుడే వద్దు, నడవండి" అన్నారు డాక్టరు గారు. ఆయన చెప్పింది రెండు ముక్కలే. మిగతాదంతా మా అమ్మాయి చూసుకుంది. బెంగళూరు నుంచి చేతికి పెట్టుకునే వాచీ ఒకటి పంపించి, వీడియో కాల్‌లోనే అన్నీ సరిచేయించి, "అమ్మా, రోజుకి పదివేల అడుగులు. ఒక్కటి కూడా తగ్గకూడదు" అంది.

మొదటి వారం హుషారుగానే గడిచింది. అయిదున్నరకల్లా చెప్పులు వదిలేసి బూట్లు వేసుకుని కాలనీ పార్కు చుట్టూ తిరిగేదాన్ని. రెండో వారానికి అసలు సంగతి తెలిసింది. మన ఇళ్ళల్లో పొద్దున్న అయిదున్నరకీ ఏడున్నరకీ మధ్య ఉన్న రెండు గంటలూ ఖాళీ గంటలు కావు. పాలు, కాఫీ, కుళాయి నీళ్ళు, టిఫిను, మా వారి క్యారేజీ, అత్తయ్యగారి మాత్రలు అన్నీ ఆ రెండు గంటల్లోనే. నడక పేరు చెప్పి నేను గంటసేపు బయటికి వెళితే ఆ గంట పని ఎటూ పోదు. గుమ్మంలో కూర్చుని నా కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

సరే అని ముక్కలు చేసుకున్నాను. పొద్దున్న ఇరవై నిమిషాలు, కూరగాయలకు వెళ్ళేటప్పుడు కొంచెం దూరం చుట్టి రావడం, మిగిలింది రాత్రి ఇంట్లోనే. రాత్రి తొమ్మిదిన్నరకు వాచీలో 7,400 కనబడేది. ఇక హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి బాల్కనీలోకి గానుగెద్దులా తిరగడమే. "టీవీకి అడ్డం వస్తున్నావోయ్" అని మా వారు. పదివేలు దాటగానే వాచీ చేతి మీద గజగజలాడి బొమ్మలు చూపిస్తుంది. చిన్నపిల్లలా సంతోషపడిపోయేదాన్ని.

ఒక ఆదివారం మా ఆడపడుచు వాళ్ళు గృహప్రవేశం పిలుపులకని వచ్చారు. ఎనిమిది మందికి భోజనాలు. పొద్దున్న ఆరింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా నడుం వాల్చింది లేదు. పడుకోబోయే ముందు చూసుకుంటే 5,900. రోజంతా పొయ్యి దగ్గర నిలబడే ఉన్నాను, ఆ వాచీ లెక్కలో మాత్రం కూర్చున్నట్టే. చెప్పడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఆ రాత్రి మంచం అంచు మీద కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. వాచీ తీసి సొరుగులో పడేశాను. మర్నాడు నడవలేదు. ఆ మర్నాడూ లేదు. పదివేలు చేయలేనప్పుడు మూడువేలు చేస్తే ఎంత, మానేస్తే ఎంత అనిపించింది.

మూడో రోజు అత్తయ్యగారు అడిగారు. "అమ్మాయ్, వాకింగు మానేశావేం?"

సంగతి చెప్పాను. ఆవిడ అంతా విని, "ఆ పదివేలు ఎవరు పెట్టారే? డాక్టరు చెప్పాడా?" అన్నారు.

"లేదండీ."

"మరి?"

నా దగ్గర జవాబు లేదు. మా అమ్మాయిని అడిగితే "అందరూ అంటారు కదమ్మా, వాచీలోనే ఉంటుంది" అంది. అందరూ అనేదాన్ని మొదట ఎవరో ఒకరు అనాలి కదా. వారం రోజులు మధ్యాహ్నాలు కూర్చుని వెతికాను. దొరికింది మీతో చెప్పుకోవాలనే ఇదంతా.

ఆ సంఖ్య పుట్టింది జపాన్‌లో. 1964 అక్టోబరులో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి. దేశమంతా ఆటలు, ఆరోగ్యం అనే ఊపులో ఉంది. ఆ మరుసటి ఏడు, 1965లో, యమాసా అనే కంపెనీ నడుముకు తగిలించుకునే చిన్న యంత్రం ఒకటి అమ్మకానికి పెట్టింది. అడుగు వేసినప్పుడల్లా ఒకటి లెక్కపెడుతుంది. దానికి పెట్టిన పేరు 'మన్‌పో-కే'. జపాను భాషలో 'మన్' అంటే పదివేలు, 'పో' అంటే అడుగు, 'కే' అంటే కొలిచేది. పదివేల అడుగుల మీటరు అన్నమాట. అక్కడి నడక సంఘాల వాళ్ళకు ఆ పేరు నచ్చింది, నినాదంగా పట్టుకున్నారు. అక్కడి నుంచి ప్రపంచమంతా తిరిగి, ఇన్నేళ్ళకు నా చేతి వాచీలోకి వచ్చింది.

అంటే పదివేలు నడిస్తేనే ఆరోగ్యం, తక్కువైతే లేదు అని ఎవరో పరీక్షలు చేసి తేల్చాక పెట్టిన సంఖ్య కాదది. ఒక వస్తువు పేరు. జపాను వాళ్ళకు 'మన్' అనేది మనకు లక్ష లాంటి నిండు సంఖ్య. మనం లక్షవత్తుల నోము నోచుకుంటాం, లక్షపత్రి పూజ చేసుకుంటాం. లక్ష అనేది నిండుదనం కోసం, మనసు నిలవడం కోసం. ఒక వత్తి తక్కువైందని దీపం వెలగకుండా ఉండదు కదా.

ఇది చదివాక ముందు కోపం వచ్చింది. ఒక కంపెనీ పేరు కోసమా నేను రాత్రిపూట ఏడ్చింది అని. తర్వాత ఇంకొంచెం చదివితే కోపం తగ్గింది, ఎందుకంటే నడక మంచిదన్న మాటలో మాత్రం అబద్ధం లేదు. దానికీ ఒక కథ ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్య పరిశోధకుడు ఉండేవారు. గుండెజబ్బులు ఎందుకు పెరుగుతున్నాయో తేల్చాలని ఆయన పట్టుదల. అక్కడి రెండంతస్తుల బస్సులు ఆయనకు పనికొచ్చాయి. ఒకే బస్సులో ఇద్దరు ఉద్యోగులు. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం పై అంతస్తుకూ కింది అంతస్తుకూ మెట్లెక్కి దిగుతూనే ఉంటాడు, రోజుకు కొన్ని వందల మెట్లు. సుమారు 31 వేల మంది ఉద్యోగుల వివరాలు చూసి, 1953లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చు వేయించారు. కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువ. వచ్చినా ఆలస్యంగా, తక్కువ తీవ్రంగా వచ్చాయి.

నాకు బాగా నచ్చింది దీని తర్వాత చేసిన పని. డ్రైవర్లకూ కండక్టర్లకూ కంపెనీ యూనిఫారాలు కుట్టించి ఇస్తుంది. ఆ ప్యాంట్ల నడుం కొలతలు తీసి పోల్చి చూశారు. డ్రైవర్ల నడుములే పెద్దవి. 1956లో అదీ అచ్చయింది. దర్జీ పుస్తకంలోంచి కూడా ఆరోగ్యం సంగతి లాగవచ్చని నేనెప్పుడూ అనుకోలేదు. మోరిస్ గారు 99 ఏళ్ళు బతికి 2009లో పోయారు.

ఇందులో ఒక్కటే లోటు. ఆ 31 వేల మందీ మగవాళ్ళే. ఆ డ్రైవర్లకూ కండక్టర్లకూ ఇంటి దగ్గర వండి పెట్టిన ఆడవాళ్ళు రోజుకు ఎన్నిసార్లు వంగి లేచారో ఆ లెక్కలో లేదు.

ఆడవాళ్ళ లెక్క చాలా ఆలస్యంగా వచ్చింది. 2019లో అమెరికాలో ఐ-మిన్ లీ అనే పరిశోధకురాలు, ఆవిడతో పనిచేసేవాళ్ళు కలిసి 16,741 మంది ఆడవాళ్ళ అడుగుల లెక్క అచ్చు వేశారు. వాళ్ళ సగటు వయసు 72. వారం రోజులు యంత్రం పెట్టుకుని మామూలుగా తిరగమని, తర్వాత సుమారు నాలుగేళ్ళు వాళ్ళ ఆరోగ్యం గమనించారు. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ళతో పోలిస్తే 4,400 వేసేవాళ్ళలో ఆ కాలంలో మరణాలు 41 శాతం తక్కువ. అడుగులు పెరిగేకొద్దీ ఇంకా తగ్గాయి, 7,500 దగ్గరికి వచ్చాక మాత్రం పెద్దగా తేడా లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే ఎక్కువ నడుస్తారన్న సంగతి కూడా మనసులో పెట్టుకోవాలి. అయినా ఆ 2,700కీ 4,400కీ మధ్య ఉన్న తేడా చూడండి. 1,700 అడుగులు. మా ఇంటి నుంచి కూరగాయల బండి దాకా వెళ్ళి వస్తే అంత.

వయసు తక్కువైతే లెక్క కొంచెం మారుతుంది. 2022లో పదిహేను అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, అరవై దాటినవాళ్ళకు 6,000 నుంచి 8,000 దాకా, అరవై లోపు వాళ్ళకు 8,000 నుంచి 10,000 దాకా ప్రయోజనం పెరుగుతూ వచ్చి ఆ తర్వాత నిలకడగా ఉందట. కాబట్టి మా అమ్మాయి చెప్పిన పదివేలు తప్పేం కాదు. కాకపోతే అది పాస్ మార్కు కాదు. తొమ్మిదివేల తొమ్మిదివందలకు ఫెయిలయ్యే పరీక్ష కాదిది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, ఒక్క విడతలో కనీసం పది నిమిషాలు చేస్తేనే లెక్క అన్న పాత నియమం తీసేసింది. ముక్కలు ముక్కలుగా చేసినా చేసినట్టే. మన బతుకులు తెలిసినవాళ్ళెవరో ఆ గదిలో ఉన్నట్టున్నారు.

ఇదంతా అత్తయ్యగారికి చెప్పాను. చెబుతూ చెబుతూ, వాట్సాప్‌లో తరచూ వస్తుందే, ఆ మాట నేనూ అనేశాను. "మీ రోజుల్లో ఈ గొడవలేం లేవు కదండీ. రోలు, రోకలి, తిరగలి, బావిలో నీళ్ళు. అదే పెద్ద వ్యాయామం."

ఆవిడ నవ్వలేదు. "వ్యాయామం ఏమిటే, చాకిరీ" అన్నారు. "వడ్లు దంచితే భుజాలు పడిపోయేవి. పప్పు రుబ్బుతూ కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కేవి. ఒంట్లో బాగున్నా బాగుండకపోయినా, నెల నిండినా చేయాల్సిందే. ఇదిగో, ఈ మోకాళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయనుకున్నావ్? ఊళ్ళోకి బియ్యం మిల్లు వచ్చినప్పుడు మా అత్తగారు మిల్లువాడికి దణ్ణం పెట్టింది."

నాకు మాట రాలేదు. నేను చదివిన కథలన్నింటికంటే పెద్ద పాఠం అదే. 1950లలో కోయంబత్తూరులో వెట్ గ్రైండరు తయారైందనీ, రుబ్బురోలు పని యంత్రంలోకి వెళ్ళిందనీ చదివి, మనం ఏదో పోగొట్టుకున్నాం అనుకున్నాను. ఆవిడకు అది విడుదల. ఇంకో సంగతి కూడా తట్టింది. ఆ రోజుల్లో ఆవిడ చేతికి నా వాచీ కట్టి ఉంటే, రోటి ముందు రెండు గంటలు కూర్చుని రుబ్బినా ఒక్క అడుగూ పడి ఉండేది కాదు. ఆ వాచీ ఆవిడను కూడా బద్ధకస్తురాలనే అనేది.

చాకిరీకీ వ్యాయామానికీ తేడా ఒంటికి పట్టే చెమటలో లేదు. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో ఎవరు చెబుతారన్న దాంట్లో ఉంది. ఆవిడకు ఆపే వీలు ఎవరూ ఇవ్వలేదు. నాకు ఆ వీలు ఉండి కూడా, ఒక యంత్రానికి అప్పగించి దాన్నీ చాకిరీ చేసుకున్నాను. రాత్రి పదింటికి హాల్లో గానుగెద్దులా తిరిగింది ఎవరి కోసం?

ఆ ఆదివారం రాత్రే మా వారితో కూర్చుని మాట్లాడాను. నాకు పదివేలు అక్కర్లేదు, పొద్దున్న అయిదున్నర నుంచి ఆరుంబావు దాకా ముప్పావు గంట కావాలి, ఆ సమయంలో నన్ను ఎవరూ ఏమీ అడగకూడదు అని చెప్పాను. ఇన్నేళ్ళలో నా కోసం నేను అడిగిన మొదటి సమయం అదేనేమో. ఆయన కాసేపు ఆలోచించి "కాఫీ నేను పెడతాలే" అన్నారు. మొదటి రెండు రోజులు డికాక్షన్ దిగకుండానే పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. తుడుచుకున్నాం. ఇప్పుడు బాగానే పెడుతున్నారు. అత్తయ్యగారి మాత్రలు కూడా ఆయనే ఇస్తున్నారు.

వాచీ మళ్ళీ పెట్టుకున్నాను. అందులో సంఖ్యను 7,500కి మార్చుకున్నాను. కొన్ని రోజులు దాటుతుంది, చుట్టాలొచ్చిన రోజు దాటదు. దాటని రోజున తీసి బల్ల మీద పెట్టి పడుకుంటాను. మొన్న మళ్ళీ పరీక్ష చేయించాను. షుగరు గీతకు కాస్త ఇవతలికి వచ్చింది. ఇంకా జాగ్రత్తగా ఉండమన్నారు, ఉంటున్నాను.

సాయంత్రాలు అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకుని గేటు దాకా వచ్చి వెనక్కి వస్తున్నారు. ఎన్ని అడుగులో ఇద్దరం లెక్కపెట్టడం లేదు. మోకాళ్ళు ఇక చాలు అన్నప్పుడు ఆవిడ ఆగుతారు. ఆవిడతో పాటు నేనూ ఆగుతాను.