పూర్వగ్రంథసమీక్షయందలి హరణము: ఒక చారిత్రక పరిశీలనము

సిద్ధాంతవ్యాసమునకు ఆదియందు పూర్వగ్రంథసమీక్ష యుండుట నేటి విశ్వవిద్యాలయముల సంప్రదాయము. తాను చేపట్టిన విషయమును గూర్చి తనకు ముందువారు ఏమి చెప్పిరో, ఎంతవరకు చెప్పిరో, ఎక్కడ విడిచిరో తెలుపుట దాని ప్రయోజనము. స్వభావముచేతనే అది పరుల మాటలపై ఆధారపడిన రచన. కావుననే గ్రంథచౌర్యమునకు అందుగల అవకాశము మరియొక అధ్యాయమున కానరాదు. అంతర్జాలమున సహాయము నర్థించి, దొరకిన సమీక్షను తన పేర సమర్పించు విద్యార్థులును, వెల యిచ్చి వ్రాయించుకొను విద్యార్థులును నేడు కలరు. ఇది ఈ కాలపు వ్యాధి యని పలువురి తలంపు. సాధనము మాత్రమే క్రొత్తది. దోషమును, దానికి చెప్పు సమాధానములును ప్రాచీనములు.

క్రీ.శ. 9వ శతాబ్దమున కాశ్మీరమునందు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక చతుర్థోద్ద్యోతమున కవుల రచనలయందలి సామ్యమును ప్రతిబింబము, ఆలేఖ్యము, తుల్యదేహి అని మూడు విధములుగా విభజించెను. అద్దములోని నీడవంటిదియు, చిత్తరువువంటిదియు త్యాజ్యములు. ఇరువురు మనుష్యుల పోలికవంటిది దోషము కాదు. ఏలన, రెండవవానికిని తనదైన ప్రాణము కలదు. పిమ్మట కన్యాకుబ్జ ప్రతీహారుల యాస్థానమున వెలసిన రాజశేఖరుడు కావ్యమీమాంసయందు ఈ విషయమునకు 11వ అధ్యాయము మొదలు మూడధ్యాయములు కేటాయించెను. 1916లో బరోడానుండి గాయక్వాడ్ ప్రాచ్య గ్రంథమాలలో మొదటి గ్రంథముగా వెలువడినది ఇదియే. అందాతడు శబ్దహరణమును పదము, పాదము, అర్ధము, వృత్తము, ప్రబంధము అను అయిదింటిని బట్టి విభజించి, అర్థహరణమును వేరుగా విచారించెను.

ఆ సందర్భముననే అవంతిసుందరి మతము నుదాహరించెను. ఆమె రాజశేఖరుని సహధర్మచారిణి. హరణమును సమర్థించుటకు ఆమె చూపిన కారణములు మన పరీక్షాధికారులకు చిరపరిచితములు: ఆ కర్త అప్రసిద్ధుడు, నేను ప్రసిద్ధుడను, అతని భాష ఆదరము లేనిది, నా భాష ఆదరము గలది, ఆ గ్రంథము నెరిగినవారు గతించిరి, దాని కర్త దేశాంతరమున నున్నాడు. ఆంగ్లమునందలి సమీక్షను తెనిగించి కర్తపేరు చెప్పక చేర్చుకొను విద్యార్థి నేడు చెప్పు సమాధానము వీనికి భిన్నము కాదు.

రాజశేఖరుడు హరణమును సర్వథా నిషేధింపలేదు. నేర్పుతో మరుగుపరచిన కవిని మెచ్చుకొన్నవాడే. అట్టివాడును ఒక్క విషయమున నిష్కర్షగా పలికెను. వెల యిచ్చి కొనుటయు హరణమే యనియు, అపకీర్తికంటె కీర్తి లేకుండుటయే మేలనియు నాతని తీర్పు. అమ్మినవాని సమ్మతి కొన్నవానిని కర్తను చేయజాలదు.

కవికి చెల్లినది పరిశోధకునకు చెల్లునా? చెల్లదు. కవి రసమును లక్షించును. పరిశోధకుడు సాక్ష్యము పలుకును. నేనీ గ్రంథమును చదివితిని, అందిట్లున్నది అని చెప్పుటయే పూర్వగ్రంథసమీక్ష. చదువక చదివితిననుట కూటసాక్ష్యము. ఒకడు పొరబడి వేసిన శాసనకాలమును రెండవవాడు మూలము చూడక యెత్తి వ్రాసినచో, మూడవవానికి ఇరువురు సాక్షులు కనబడుదురు. క్రమముగా ఆ పొరపాటు సర్వసమ్మతమైన సత్యముగా చెలామణి యగును. చౌర్యమువలన నష్టపోవునది పూర్వకర్త యొక్కడే కాదు, శాస్త్రము.

సహాయము కోరుట దోషము కాదు. ఆదికవి నన్నయ భారతావతారికయందు నారాయణభట్టు తనకు తోడ్పడిన వృత్తాంతమును, భారతయుద్ధమున అర్జునునకు కృష్ణుడు తోడైన విధముతో పోల్చి చాటెను. అందువలన నన్నయ కీర్తికి కొరత కలుగలేదు. నారాయణభట్టు పేరు నేటికిని నిలిచియున్నది. తరువాతి కావ్యములయందలి పూర్వకవిస్తుతియు కొంతవరకు ఋణస్వీకారమే. తోడ్పాటును చెప్పుట మన సారస్వత మర్యాద. దాచుట దానికి విరుద్ధము.

2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము గ్రంథచౌర్య నివారణమునకు నిబంధనలు ప్రకటించెను. సిద్ధాంతవ్యాసమున సామ్యము నూటికి 10 వరకున్న దండన లేదు. 10కి పైబడి 40 వరకున్న ఆరునెలలకు మించని గడువులో సవరించి సమర్పింపవలెను. 40కి పైబడి 60 వరకున్న ఒక సంవత్సరము సమర్పణము నిషిద్ధము. 60కి మించినచో నమోదు రద్దగును. ఈ కొలత అవసరమే గాని, ఇది ముఖ్యముగా శబ్దహరణమునకు కొలత. అన్యభాషనుండి తెనిగించిన భావమును పట్టుట దీనికి కష్టము. కొనుగోలు చేసిన రచన ఎవరికిని పోలిక లేనిదిగా తేలి, నిర్దోషముగా కనబడును. ఆస్ట్రేలియాలో 2020లోను, ఇంగ్లండులో 2022లోను అట్టి రచనల నమ్ముట నేరముగా శాసింపబడుటకు కారణమిదియే.

కావున అంకెలకు అందని భాగము ఆచార్యులదే. సమీక్షలో పేర్కొన్న గ్రంథములలో ఒకదానిని విద్యార్థిచేత తెప్పించి, ఎదుట విప్పించి, అందలి వాదమును అతని నోట చెప్పించినచో చదివినవాడెవడో చదువనివాడెవడో తేటతెల్లమగును. ఈ పరీక్ష సమర్పణానంతరము గాక, సమీక్ష వ్రాయుచున్న కాలముననే జరుగుట యుక్తము. అప్పుడది దండనము కాదు, బోధనము.